నాలుగో పాఠం: పొద్దున ఏం తింటవ్

మెట్టుగడ్డల జిరాక్స్ దుకాణం మీది అర్ర.
పొద్దున ఆరుంపావు, కింద షట్టరు ఇంకా లేవలే.
ఏడు ప్లాస్టిక్ కుర్చీలు, నాతోని అయిదుగురం.
బోర్డు మీద రాసిన: కే దెసాయూనాస్?
పొద్దున ఏం తింటవ్?

నువ్వు అని వేరే అననక్కర్లేదు ఆ భాషల,
మన లెక్కనే, తింట, తింటవ్, తింటడు,
మాట తోకలనే మనిషి కూసుంటడు అన్న.
ఆ ముక్క విని అందరు జర కుదుటపడ్డరు
పరాయి ఊర్ల ఇంటిపేరు కలిసినట్టు.

పుస్తకంల బొమ్మలున్నయి:
కాల్చిన రొట్టె, నారింజ రసం,
పింగాణి గిన్నెల గుడ్డు,
కిటికీల ఎండ.
అండ్ల ఎండ ఒక్కటే మాకు ఎరుక.

ఉజ్మా లేచి రాగం తీసి చెప్పింది:
పాన్, కఫే కోన్ లేచె.
సంచిల జొన్నరొట్టె, మీద ఎర్రకారం,
వాసనకు స్పానిష్ రాదు, అబద్ధం కూడ రాదు.
పగటి బువ్వను అల్ముఎర్సో అంటరంటే
ఆమె నోట్ల అది అల్మారా అయింది.
అందరం నవ్వితిమి, ఆమె ఇంకా ఎక్కువ నవ్వింది.

పోస్టాఫీసుల రిటైరైన అనంతరాములు సారు
ఏ కొలువు కోసమో కాదు, ఊకెనే నేర్చుకుంటడు.
మూడు ఇడ్లీలు, షుగరుకు చట్నీ బంద్ అన్నడు.
ఇడ్లీకి వాళ్ల మాటేంది మేడం?
ఇడ్లీనే సార్.
ఫీజు వాపసు అడుగుతడేమో అన్నట్టు చూసిండు.

దేవరకద్ర మొదటి బస్సుకు కుర్మయ్య వస్తడు.
రాత్రంత గోదాముల బస్తాలు లెక్కగట్టి,
కండ్లల్ల ఇంత తౌడు ధూళి.
ఓడల వంటింట్ల పని ఉన్నదని
ఎవరో ఏజెంటు చెప్పిండట.
కే దెసాయూనాస్, కుర్మయ్యా?
"నాద."
పక్కనున్న నవనీత "నాదా?" అనుకుంట
కింద పడ్డ పెన్ను కోసం ఒంగింది.
నాద అంటే ఏమీ లేదు అని, పిల్లా.

సోమవారం నాద. బుధవారం నాద.
ఈయనకు ఈ ఒక్క మాటే వచ్చిందనుకున్న.
పూరా వాక్యం చెప్పమని కసిరిన.
లేచి చేతులు కట్టుకొని
ఒక్క తప్పు లేకుంట చెప్పిండు:
నో దెసాయూనో నాద.
ఆ భాషల రెండు లేదులు కలిస్తే ఉన్నది కాదు,
ఇంకింత గట్టిగ లేదు.

మాటను విరిచి చూపెట్టిన, అప్పుడు ఇంకేం తోచక.
దెస్ అంటే ఇడవడం, అయూనో అంటే ఉపాసం.
"ఒక్కపొద్దు ఇడిసినట్టు" అన్నడు అనంతరాములు సారు.
మా అమ్మ శనివారం ఒక్కపొద్దుంటుండె.
ఎంకన్న పేరు మీద ఉంటే దానికో పేరున్నది.
బస్సు అందదని ఉన్నదానికి?

అడిగినోళ్లను మళ్ల అడుగుడు మర్యాద
అని మూడో పాఠంల నేనే చెప్పిన.
"ఇ ఉస్తేద్?" అన్నడు కుర్మయ్య. మరి మీరు?
కాల్చిన రొట్టె, నారింజ రసం.
ఏడేండ్ల సంది ఇదే చెప్తున్న, నోరు దానంతటదే తిరిగింది.
తాగింది సగం గ్లాసు చాయ, మెట్లెక్కుకుంట.
ఆయన దాన్ని నోట్‌బుక్కుల ఎక్కించుకున్నడు
కింద గీత కొట్టి.

ఇంకొక్క సంగతి మిగిలింది ఆ పొద్దు.
కోమో, నెత్తి మీద చిన్న గీత పెడితే "ఎట్ల".
గీత తీస్తే "తింట".
సుద్దముక్క పట్టుకొని పెడుతున్న, తుడుస్తున్న,
కింద షట్టరు గరగర లేచింది.

ఉజ్మా రొట్టె మూట ఇప్పింది.
అన్నా, తింటవా?
కుర్మయ్య సంచి భుజాన ఏసుకొని
మన భాషల, పూరా వాక్యంల చెప్పిండు:
"ఇప్పుడే తిన్న చెల్లె, కడుపు నిండ తిన్న."